ఉప్పు ముట్టని కొలంబో మనిషి

ఈమధ్య ఒక పెళ్లిలో మా చుట్టాలు చెప్పుకుంటుంటే విన్నాను. మా చిన్నాయనకు ఎవడో సింహళంవాడు మందు పెట్టాడట, అందుకే ఆయన కొలంబో వ్యాపారాన్ని పరాయివాడి చేతిలో పెట్టాడట. అలా చెప్పినవాళ్లలో ఒక్కరూ ఆరోజు కోవిల్‌పట్టి ఇంట్లో లేరు. నేనున్నాను. తరాలుగా తమిళదేశంలో ఉంటున్న మాలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని రాసేవాళ్లు తక్కువ. విరుదునగర్ గ్రంథాలయంలో ఒకే ఒక్క అలమారలో ఉన్న తెలుగు పుస్తకాలు పట్టుకుని నాకు నేనే చదువు నేర్చుకున్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాసిపెట్టే పని నాదే అయింది.

పంతొమ్మిది వందల ముప్ఫైల మొదటి సంవత్సరాల మాట. విరుదునగర్‌లో చిన్నాయనకు మిరపకాయల మండీ ఉండేది. నేను అక్కడ ఉత్తరాలు రాసేవాణ్ణి. నాగలాపురం వైపు నల్లరేగడి ఊళ్లలో మావాళ్లు పండించిన కాయ మా మండీకి వచ్చి, తూత్తుకుడిలో ఓడెక్కి కొలంబో చేరేది. అక్కడ కాయను మళ్లీ ఏరి, కొత్త గోనెల్లోకి మార్చి, వాటిమీద మా గుర్తు వేసి అమ్మాలి. గుర్తు వెయ్యడానికి అక్షరాలు కత్తిరించిన రేకు ఒకటి ఉండేది. అది ఎవరి చేతిలో ఉంటే మా పరువు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

చిన్నమ్మ తమ్ముడు కొలంబోలో ఆ రేకు పెట్టుకుని, ఎవరివో బూజుపట్టిన కాయలకు మా గుర్తు వేసి అమ్మి, ఎటో మాయమైపోయాడు. ఆ తర్వాత మా గుర్తు కనిపిస్తే చాలు, అక్కడి కొట్లవాళ్లు బస్తా విప్పకుండానే వెనక్కి తోసేవాళ్లు. సరుకు గోదాములో పేరుకుపోయింది. రైతులు వచ్చి తెగేసి చెప్పారు.

"ఈ తూరి కాయ కొళుంబులో అమ్ముడుపోకుంటే మీ మండీ గడప తొక్కేది లేదన్నా. ఇంకో చోటు చూసుకుంటాం."

చిన్నాయన కొత్త గుర్తుతో కొత్త రేకు చేయించాడు. దాన్ని ఎవరికివ్వాలన్నదే తెలియలేదు. మావాళ్లను పంపాలంటే ఆయనకు భయం. అక్కడివాణ్ణి పెట్టుకోవాలంటే ఇంకా భయం. చివరికి తూత్తుకుడిలో ఓడల ఆఫీసు గుమాస్తా ఒక సింహళం మనిషి సంగతి చెప్పాడు. కొలంబోలో మిరపకాయల గోదాములో పనిచేసినవాడు, తమిళం వచ్చినవాడు. అతన్ని విరుదునగర్‌కు రమ్మన్నాం.

కబురు తెలిసిన సాయంత్రమే నేను గ్రంథాలయంలో కూర్చుని లంక గురించి దొరికినదల్లా చదివేశాను. అక్కడి వానలు, దాల్చినచెక్క తోటలు, బౌద్ధుల ఆచారాలు, అన్నీ.

వచ్చినవాడు గళ్ల లుంగీ, పైన కోటు, ముడివేసిన జుట్టు మీద వంపు తిరిగిన తాబేటిచిప్ప దువ్వెనతో మండీలో దిగాడు. చిన్నాయన కళ్లు ఆ దువ్వెన మీదే ఉన్నాయి. అతను మాత్రం బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, తుంచి వాసన చూశాడు. తర్వాత తలెత్తి కప్పునూ తలుపులనూ తాళాన్నీ పరకాయించాడు.

చిన్నాయన అతనికి అర్థం కాకుండా తెలుగులోకి దిగాడు. "ఏమిరా, కాయ చూడమంటే కప్పు చూస్తాడు?"

"వాళ్ల దేశంలో వానలెక్కువ చిన్నాయనా. ఎక్కడైనా కారుతుందేమోనని చూస్తుంటాడు."

"పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"దొంగ ఎట్ల చూస్తాడని కూడా ఉందా ఆ పుస్తకంలో?"

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రేకు పుచ్చుకునేవాడు ముందు మా ఇంట్లో భోంచెయ్యాలి. ఇంటి ఇల్లాలు ఆకులో మొదట ఉప్పు వడ్డిస్తుంది. అది తిన్నాకే రేకు చేతికొస్తుంది. అందుకని ముగ్గురం మా ఇల్లున్న కోవిల్‌పట్టికి రైలెక్కాం. బండి ఆలస్యమై, ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. చిన్నమ్మ ఆకు వేసి ఉప్పు పెట్టింది. అతను కూర్చుని, ఆకును చూసి, చేతులు జోడించాడు.

"ఈ పూట తినను తల్లీ. నీళ్లు చాలు," అన్నాడు తమిళంలో.

నీళ్లు తాగి, లేచి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

"మగాడు నెత్తిన దువ్వెన పెట్టుకొనేదే వింత," అంది మూలన కూర్చున్న మా అవ్వ. "ఇప్పుడు ఉప్పు కూడా వద్దంటాడా?"

చిన్నాయన నన్ను పెరట్లోకి లాక్కుపోయాడు. "చూస్తివా? ఉప్పు తింటే కట్టుబడాల గదా, అందుకే తప్పించుకున్నాడు. సాయంత్రం బండికి పంపించేద్దాం."

నాకు వెంటనే గుర్తొచ్చింది. ఆరోజు పున్నమి. బౌద్ధుల్లో కొందరు పున్నమినాడు మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టరని చదివాను. ఆ మాటే చెప్పాను. కానీ చెబుతుండగానే నాకూ అనుమానం పుట్టింది. పున్నమినాళ్లలో వాళ్లు తెల్లబట్టలు కట్టుకుని విహారంలో గడుపుతారని అదే పుస్తకంలో ఉంది. ఇతను గళ్ల లుంగీ కట్టుకుని పొద్దుటినుంచీ కాయలు తుంచుతున్నాడు. అరుగు మీదికి వెళ్లి అడిగాను. తల్లికి జబ్బు చేసినప్పుడు పున్నమి మధ్యాహ్నాలు తిననని మొక్కుకున్నాడట, అంతేనట.

"పొద్దునే చెప్పకపోయారా?"

"పొద్దున మీరు అన్నం మాటే ఎత్తలేదు కదా."

అదీ నిజమే. లోపలికి వచ్చి చెప్తే చిన్నాయన నవ్వాడు. "అయితే సముద్రం దాటిపొయ్యి వాళ్లమ్మని అడిగొస్తావా?"

నేను చదివిన ఏ పుస్తకమూ ఇక్కడ సాయానికి రాలేదు. నాకూ అతన్ని పంపించేయడమే మేలనిపించసాగింది.

తమ్ముడి సంగతి బయటపడిన నాటినుంచీ చిన్నమ్మ ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడింది లేదు. అప్పుడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వాడు అబద్ధాలకోరే అయితే రెండు ముద్దలు మింగి, రేకు చంకన పెట్టుకొని పోయుండడా? మీరెట్ల కనుక్కొని ఉందురు? నా తమ్ముడు ఈ ఇంటి ఉప్పే తిన్నాడు. తినే ముందు ఆకుకి దండం కూడా పెట్టినాడు."

చిన్నాయన ఆమె వైపు చూడలేదు. మూలనుంచి అవ్వే అంది, "పొద్దున పెట్టి చూడండ్రా. పున్నమి పొయ్యింటుంది గదా."

మర్నాడు పొద్దున్నే అతను బావి దగ్గర స్నానం చేసొచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. చిన్నాయన స్తంభానికి ఆనుకుని, తరాజు ముల్లును చూసినట్టు అతని చేతినే చూస్తున్నాడు. అతను ఉప్పు అన్నంలో కలిపి తిన్నాడు. మా కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చారు మళ్లీ అడిగి పోయించుకున్నాడు.

"దువ్వెన కదలకుండా ఎట్ల తింటుండాడో చూడు," అంది అవ్వ.

చిన్నాయన రేకు ఇచ్చాడు. అయినా అనుమానం పోలేదు. రేకులో ఒక అక్షరం కింద, అతనికి చెప్పకుండా, చిన్న గాటు పెట్టించాడు. ఎవరైనా దొంగ రేకు చేసి గుర్తు వేస్తే తెలిసిపోవాలని. కొలంబో వెళ్లే తెలిసినవాళ్లతో మా గుర్తున్న బస్తా చడీచప్పుడు లేకుండా కొనిపించి, అడుగుదాకా విప్పించి చూసేవాడు. పైనున్న కాయే అడుగునా ఉండేది. "ఈసారికి సరే," అనేవాడు. గోదాము మెల్లగా ఖాళీ అయింది. మరుసటి పంటకు నాగలాపురం బండ్లు మళ్లీ మా మండీ ముందే ఆగాయి. బస్తాలు దించుతూ ఒక రైతు అడిగాడు.

"మీ కొళుంబు ఆయన నమ్మకమైనోడేనా అన్నా?"

"ఇంతదంకా," అన్నాడు చిన్నాయన.

పేర్లు రాయవద్దని ఇంట్లోవాళ్లు కోరారు గనుక వరసలతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. ఆనాటి తన మాటలను మళ్లీ నాకు చెప్పి, నేను మెత్తబరచి రాసినచోట కొట్టివేయించిన చిన్నమ్మకు, ఇప్పుడు లేని అవ్వకు, తలుపులు మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథాలయం అయ్యవారికి, మాకు కాయ తెచ్చిన రైతులకు, తూత్తుకుడి గుమాస్తాకు, నేనెన్ని ప్రశ్నలు రాసినా విసుక్కోకుండా జవాబిచ్చిన ఆ కొలంబో ఆయనకు.