ఫ్లోట్ బౌల్‌కు పెట్టిన బొట్టు

1958 ఎండాకాలం. ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు పక్కన మా ఆయన సుబ్బయ్యకు మోటారు షెడ్డు ఉండేది. దాని వెనకే మా ఇల్లు. ఇంజను పనులు ఆయనవి, చిన్న భాగాలు కడిగి అతికే పని నాది. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే తెలుగూ లెక్కలూ, కూడబలుక్కుని చదువుకునేంత ఇంగ్లీషూ నేర్పించాడు. ఆ నాలుగు అక్షరాలే నన్ను ఈ పనిలోకి తెచ్చాయి. అందుకు ఆయన్ని తలుచుకోని రోజు లేదు.

ఆ ఏడు నంద్యాల దుకాణానికి ఎపాక్సీ అనే కొత్త జిగురు వచ్చింది. రెండు గొట్టాలు ఉంటాయి. ఒకదాంట్లో జిగురు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. రెండూ సమంగా కలిపి పూసి, ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచితే రాయిలా బిగుస్తుంది. పెట్రోలులో నానినా కరగదు. అంతకుముందు పెట్రోలు కారే చోట బట్టల సబ్బు రుద్ది పూడ్చేవాళ్ళం. అది రెండు మూడు రోజులకు మించి నిలిచేది కాదు. జిగురుతో వచ్చిన కాగితం నేనే చదివాను. అతికే చోట జిడ్డు ఉండకూడదని, గరుకు కాగితంతో గీకి పెట్రోలుతో కడగాలని, కడిగాక వేలు కూడా తగలనివ్వకూడదని అందులో ఉంది.

దొర్నిపాడులో పెద్ద సేద్యమున్న ఒక రైతుకు పాత కారు ఉండేది. ఆయన్ని అందరూ పెద్దరెడ్డి అనేవారు. కారు డ్రైవరు ఓబులేసు. ఒకనాడు కార్బురేటర్ కారుతోందని ఓబులేసు దాన్ని విప్పించి నా ముందు పెట్టాడు. కార్బురేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం. దాని కింద పెట్రోలు నిలిచే గిన్నెను ఫ్లోట్ బౌల్ అంటారు. ఆ గిన్నెకు వెంట్రుకంత చీలిక వచ్చింది.

గీకాను, కడిగాను, ఆరబెట్టాను. ఆ రోజు శుక్రవారం. ఏ పని మొదలుపెట్టినా నరసింహస్వామి పటం ముందు దీపం వెలిగించి, చేసే వస్తువుకు బొట్టు పెట్టడం నాకు అలవాటు. లోహానికి పొడి కుంకుమ నిలవదని ప్రమిదలోని నూనెతో తడిపి పెట్టేదాన్ని. ఆ బొట్టు కాస్తా చీలిక మీదికి జారింది. మళ్ళీ పెట్రోలుతో కడగాలని తెలుసు. దేవుడికి చూపించి పెట్టిన బొట్టును పెట్రోలు పోసి కడగడానికి మాత్రం మనసొప్పలేదు. కొంగుతో తుడిచి, పైన జిగురు పూశాను.

ఎనిమిదో రోజున నంద్యాల నుంచి తిరిగి వస్తుంటే ఆ కారు ఇంజనుకు మంటలు అంటుకున్నాయి. ఓబులేసు తలగుడ్డతో, ఇసుకతో ఆర్పాడు. కుడిచేయి కాలింది. కారును ఎద్దులు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. ఇంజను దగ్గర బీడీ ముట్టించాడని పెద్దరెడ్డి అతన్ని పనిలోంచి తీసేశాడు. ఓబులేసుకు బీడీల అలవాటు ఉంది కాబట్టి ఊరంతా నమ్మింది.

గిన్నె విప్పి చూస్తే నేను పూసిన జిగురు చేప పొలుసులా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. తిప్పి చూశాను. అడుగంతా ఎర్రగా, జిడ్డుగా ఉంది. నూనె బొట్టు మీద జిగురు పట్టక, కారిన పెట్రోలే అంటుకుంది. మా ఆయనా చూశారు.

"ఆ ముక్క నాకియ్యి," అన్నారు. "చెప్తివా, రేపటినుంచి ఈడికి ఒక్క బండి రాదు. షెడ్డు మూసుకొని యాడికి పోదాం?"

ఆయన చెడ్డవారు కాదు. ముక్క ఆయనకు ఇవ్వలేదు గానీ, నేనే దాన్ని కుంకుమ భరిణెలో దాచుకుని నోరు మూసుకున్నాను. పూటపూటా దీపం పెడుతూనే ఉన్నాను. అట్లా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు ఓబులేసు భార్య లక్ష్మీదేవి, అతని కాలిన చేతికి పూయడానికి ఆముదం అడగడానికి వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోలేదా అని అడిగాను.

"ఏ మొగం పెట్టుకొని పోతాడక్కా? బీడీ తాగి బండి కాల్చినోడని అందరూ అంటాండారు. నేనూ అన్నా. గోడకల్లా తిరిగి పండుకోనుండాడు, కట్టు కూడా ఇప్పనీడు."

నేను ఆముదం గిన్నె ఆమె చేతిలో పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, దొర్నిపాడుకు పోతున్నానని మా ఆయనతో చెప్పాను. ఆయన చేతులు కడుక్కుని, తానూ బయలుదేరారు.

పెద్దరెడ్డి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జరిగినదంతా చెప్పి, ఆ ముక్క ఆయన ముందు పెట్టాను. వేలితో రుద్ది చూసుకున్నాడు. మా ఆయన వైపు తిరిగాడు.

"ఏం సుబ్బయ్యా, నా కారు ఆడమనిషి చేతికిచ్చి నువ్వేం చేస్తాంటివప్పా?"

ఆ తర్వాత పెద్దరెడ్డి కారు మా షెడ్డుకు రాలేదు. ఆయన్ని చూసి మరికొందరూ మానుకున్నారు. అయినా ఆ సాయంత్రమే ఓబులేసును నంద్యాల ఆస్పత్రికి పంపాడు. అందుకు ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. చర్మం వేళ్ళను పట్టేసిందని, మొదటి వారంలోనే వచ్చి ఉంటే వేళ్ళు సాగేవని డాక్టరు చెప్పాడట. ఇక స్టీరింగు పట్టలేడని ఓబులేసుకు కళ్ళంలో కాపలా పని ఇచ్చారు.

రెండు నెలల తర్వాత ఓబులేసు మా ఇంటికి వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను.

"నేను బీడీ తాగలేదని నా పెండ్లాం గూడా నమ్మలేదక్కా. నువ్వు చెప్పినాక నమ్మింది. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా."

నేను చేసిన తప్పు బొట్టు ఒక్కటే కాదు. ఆ తర్వాత దాచుకున్న పన్నెండు రోజులు అంతకన్నా పెద్ద తప్పు. పనిలో పొరపాటు తెలిస్తే తెలిసిన పూటే, ఎవరు మండిపడినా సరే, ఆ బండివాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పాలని అప్పుడు నేర్చుకున్నాను. డాక్టరు మాట ఓబులేసు నాకు చెప్పాడే గానీ, ఆ మొదటి వారం నేనేం చేస్తున్నానో లెక్క వేసుకున్నట్టు లేదు. పోతూ పోతూ నాకు దండం పెట్టబోయాడు. కుడి అరచేయి తెరుచుకోలేదు.