పెట్టిన వాలు

ఆ బల్ల తయారైంది పందొమ్మిది వందల ముప్పైల్లో. ఏ ఏడో కచ్చితంగా చెప్పలేను. అడుగున పట్టె మీద ఉలితో చెక్కిన ఒక పేరు, దాని పక్కన ఏడు ఉన్నాయి; ఆ అంకెల్లో 193 వరకే మిగిలింది, చివరి అంకెను చెద తినేసింది. నా చేతికి మాత్రం మూడేళ్ళ కిందట, వేసవి మొదట్లో వచ్చింది. భీమడోలులో పాత కలప అమ్మే ఒకాయన కొట్లో, ఊడదీసిన గుమ్మాల కింద దొరికింది.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. ఇంటీరియర్ డిజైన్ చదివి, రెండు ఆఫీసుల్లో పనిచేసి, రెండుచోట్లా గొడవపడి మానేశాను. తర్వాత తాడేపల్లిగూడెంలో మూతపడ్డ రైస్ మిల్లు గోడౌన్ ఒకటి అద్దెకు తీసుకుని పాత ఫర్నిచర్ పని మొదలుపెట్టాను. ఈ పనిలో రెండు దారులున్నాయి. వస్తువును అది మొదట ఎలా ఉండేదో అలా చెయ్యడం రీస్టోరేషన్. దాన్ని ఇంకో వస్తువుగా మార్చడం అప్‌సైక్లింగ్. నాకు రెండోదే ఇష్టంగా ఉండేది. ఫోన్లో ‘ముందు, తర్వాత’ అని రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే జనం ఆగి చూసేది దాన్నే.

నా దగ్గర వడ్రంగం చేసేది వీర్రాజు గారు. అత్తిలి ఆయనది. అరవై దాటాయి. చెక్కను చూసే ముందు వాసన చూస్తారు.

ఆ బల్ల ఆరడుగుల పైన పొడవుంది. రెండు పక్కలా లావుపాటి పట్టెలు, వాటి మధ్య అడ్డంగా బద్దలు, బద్దలకు వరసగా బెజ్జాలు. నాలుగు మూలలా మోసుకెళ్ళడానికి పిడులు. అసలైన బర్మా టేకు. పైన చెక్క తెల్లగా పాలిపోయి ఉంది. పాత రోజుల్లో వరండాలో వేసుకుని పగలు నడుం వాల్చే బల్ల అయ్యుంటుందని తేల్చేశాను. డేబెడ్ అంటారు. తేల్చడానికి నాకు పట్టింది ఫోన్లో మూడు ఫొటోలు చూసినంతసేపు.

వీర్రాజు గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి వాసన చూశారు.

“కర్పూరం వాసనేస్తందండి.”

“ఏ పూజగదిలోనో ఉండుంటుంది.”

“తలవైపు కోళ్ళు కాస్త ఎత్తుగా ఉన్నాయి, చూసేరా? ఇది కుంగిపోయిన వాలు కాదండి. పెట్టిన వాలు.”

ఫోన్లో మట్టం చూసే యాప్ ఒకటి ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. రెండు డిగ్రీలు చూపించింది. “రెండు డిగ్రీలు ఒరిగిపోయింది వీర్రాజు గారూ. టేబుల్ మీద కాఫీ కప్పు పెడితే జారిపోదా? లెవెల్ చేసెయ్యండి.”

“ఎవరన్నా తెలిసినోళ్ళని అడిగి చేద్దామండి. తొందరేముంది?”

“తొందర మీకు లేదు, నాకుంది,” అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన రంపం తీసుకున్నారు.

మేం చేసింది ఇదీ. తలవైపు కోళ్ళు కోసి మట్టం చేశాం. కాళ్ళవైపు అడుగున్నర ముక్క తీసేసి, పొడవు తగ్గించి, కోళ్ళు లోపలికి జరిపాం. బెజ్జాలన్నిటిలో నల్లటి ఎపాక్సీ పోశాం. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు. పాలిపోయిన చెక్కని శాండింగ్ మెషీన్‌తో గీకేసి, నీళ్ళు ఇంకకుండా పీయూ కోటింగ్ కొట్టాం. అద్దంలా మెరిసింది. విజయవాడలో కాఫీ షాపు నడిపే నా స్నేహితురాలు స్రవంతి తీసుకుంది. మిగిలిన ముక్కతో రెండు ట్రేలు చేయించి, వాటినీ ఆమెకే ఇచ్చాను.

ఈ పనంతా తీసిన వీడియో నెట్‌లో పెట్టిన పది రోజులకి ఒక పెద్దాయన గోడౌన్‌కి వచ్చారు. తెల్లటి లాల్చీ, చేతిలో గొడుగు. ఏలూరు నుంచి పాసింజర్ రైల్లో వచ్చానన్నారు. పేరు కరీముల్లా. నలభై ఏళ్ళు దర్జీ పని చేశారట. మనవడి ఫోన్లో నా వీడియో చూశారు.

“అడుగున చెక్కిన పేరు మా తాతదండి,” అన్నారు. “ఆ బల్ల మాకు తిరిగి కావాలమ్మా.”

అలాంటివాళ్ళు అంతకుముందు ఇద్దరొచ్చారు. మేం పారేసిన కుర్చీ అంత అందంగా ఉందా, ఇచ్చెయ్యండి అంటూ. నాకు వెంటనే కోపం వచ్చింది.

“మీరు పాత కలప కింద అమ్మేశారు. నేను కొని బాగుచేశాను. ఇప్పుడొచ్చి మాదంటే ఎలాగండీ?”

“కొనడం తప్పనట్లేదమ్మా. మసీదుకి ఎవరో స్టీలుది ఇచ్చారు. షెడ్డు ఖాళీ చేసినప్పుడు దీన్నీ తలుపుల్తో కలిపి పంపేశారు. నేను ఊళ్ళో లేను.”

“స్టీలుది ఏంటి? మసీదులో డేబెడ్ ఎందుకు?”

ఆయన గొడుగు గోడకి ఆనించి, నెమ్మదిగా చెప్పారు.

“అది కూచునే బల్ల కాదమ్మా. పడుకునేది కూడా కాదు. మనిషి పోయాక గుసుల్ చేయిస్తాం. అంటే ఆఖరి స్నానం. దానికోసం చేసింది. అందుకే తలవైపు ఎత్తు. నీళ్ళు ఒంటి కింద నిలవకూడదు. కాళ్ళవైపు పోవాలి, బెజ్జాల్లోంచి దిగిపోవాలి.”

వీర్రాజు గారు చేతిలో ఉలి కింద పెట్టేశారు. నావంక చూడలేదు. చూస్తే బాగుండేది.

పెద్దాయన చెప్పుకుపోయారు. వాళ్ళ తాత రంగూన్‌లో పడవలు చేసే వడ్రంగి. ముప్పైల్లో తిరిగొచ్చారు. “ఆ ఏడు కొల్లేరు ఎగదన్నిందంట. వెనకాలే కలరా. మా పేటలో రోజుకి ఇద్దరు ముగ్గురు పోయేవారంట. బల్ల లేక ఇంటి తలుపులు ఊడదీసి వాటి మీద కడిగేవారు. సాయంత్రానికి మళ్ళీ ఆ తలుపే గుమ్మానికి బిగించుకోవాలి కదమ్మా. రాత్రికి గడియ పెట్టుకోవాలి కదా. మా తాత అది చూళ్ళేకపోయాడు. ఇల్లు కట్టుకుందామని పడవలో తెచ్చుకున్న టేకుతో ఈ బల్ల చేసి మసీదుకిచ్చాడు. తను మాత్రం తాటాకింట్లోనే పోయాడు.”

“ఇప్పుడు స్టీలుది ఉందన్నారు కదండీ,” అన్నాను. గొంతు తగ్గింది గానీ మాట ఇంకా వాదనే.

“ఉందమ్మా. మా ఆవిడ వద్దంటంది.”

మర్నాడు ఏలూరు వెళ్ళాను. ఎందుకెళ్ళానంటే, నిజం చెప్పాలంటే, ఆమెను ఒప్పించి స్టీలు బల్లకే సరేననిపించవచ్చని. ఆయన భార్య ఖాసింబీ గారు కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. మూత్రపిండాలు చెడిపోయాయి, డయాలసిస్ ఇక వద్దని ఆమే అనేశారట. మనిషి పిడికెడంతే ఉన్నారు.

“బల్లమ్మాయివా?” అన్నారు. “దా, కూచో. ఫొటో ఉందంటగా, చూపించు.”

నేను ఫోన్ ఇచ్చాను. తెరమీద స్రవంతి షాపు. బల్ల మీద మూడు కప్పులు, పూలగ్లాసు. ఆమె చాలాసేపు చూశారు.

“బాగా మెరుస్తంది. చిన్నదైపోయిందే.”

“కోశామండి.”

“అంతేనా ఇప్పుడు పొడుగు?” చేత్తో గాల్లో కొలిచారు. “మా జరీనాకి సరిపోద్ది ఇది. నాకు సరిపోదు.”

జరీనా వాళ్ళ కూతురు. ఏడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. ఆ బల్ల మీద కూతురికి స్నానం చేయించింది ఖాసింబీ గారే. ఆడపిల్లని ఆడవాళ్ళే కడగాలి, తల్లి అయితే మరీ మంచిది అన్నారట.

“అందరూ నువ్వు చెయ్యలేవన్నారు. చేశాను. అప్పట్నుంచీ అనుకుంటానే ఉన్నా, నన్నూ దాని మీదే కడగాలని. పెద్ద కోరికేం కాదు కదమ్మా? ఎవరి సొమ్మూ అడగట్లేదు.”

“ఖాసింబీ, ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టకు,” అన్నారు కరీముల్లా గారు గుమ్మం దగ్గర్నుంచి.

“మీరు ఊరుకోండి. మీరు ఊళ్ళో లేకే పోయింది బల్ల.”

నేను ఒప్పించడానికి తెచ్చుకున్న మాటలు పక్కన పెట్టేశాను. బల్లని మళ్ళీ పాత పొడవుకి చేసిస్తానని చెప్పి లేచాను.

స్రవంతికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. “ఆ ట్రేల్లో నేను కేకులు పెట్టానే,” అంది. తర్వాత, “ఇవాళే తీసుకెళ్ళిపో,” అంది. ఆ గొంతులో అసహ్యం విని మళ్ళీ ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనేసి పెట్టేశాను. ఆమె తప్పేముంది? అదేం బల్లో ముందే తెలుసుకుని చెప్పాల్సిన మనిషిని నేను.

తెచ్చాక చేసిన పని ఏడు రోజులు. ట్రేలు విప్పి పట్టె ముక్కలు వేరు చేశాం. కోటింగ్ అంతా గీకేశాం. బెజ్జాల్లో రాయిలా గడ్డకట్టిన ఎపాక్సీని ఒక్కో దాంట్లోంచి సన్నటి డ్రిల్లుతో తొలిచి తీశాం. తలవైపు కోళ్ళకి కింద దిమ్మలు తొడిగాం. ఈసారి వాలు వీర్రాజు గారు పెట్టారు. ఫోన్ అడగలేదు. చెంబుతో నీళ్ళు పోసి, అవి పోయే దారి చూసి, దిమ్మని గోరంత గోరంత తగ్గించుకుంటూ కూర్చున్నారు.

కష్టమంతా పొడవు అతకడంలో. రెండు పట్టెల్నీ ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పడుకునేలా జిగురుతో అతకాలి. స్కార్ఫ్ జాయింట్ అంటారు. జిగురు పట్టేదాకా ఇనప క్లాంపులతో బిగించి, ఒక రోజంతా కదపకూడదు. గురువారం సాయంత్రం బిగించాం. శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి కరీముల్లా గారు ఫోన్ చేశారు.

“పోయిందమ్మా. తెల్లారగట్ల. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తాం.”

వీర్రాజు గారు అతుకు మీద చెయ్యేసి చూశారు. “సగమే పట్టిందండి. క్లాంపులుంటే నిలబడద్ది. కానీ అవి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆవిడ కాళ్ళ కింద ఇనుమెలా ఉంచుతాం? తీసేస్తే చెప్పలేనండి.”

“తీసుకెళ్దాం,” అన్నాను. “అక్కడ చూద్దాం.”

క్లాంపులతోనే వ్యాన్ ఎక్కించాం. ఏలూరు చేరేసరికి పెరట్లో దుప్పట్లు తెరలుగా కట్టి ఉన్నాయి. డేగిసాల్లో రేగాకు వేసి నీళ్ళు కాస్తున్నారు. తెర లోపల ఆడవాళ్ళు ముగ్గురే. వాళ్ళలో పెద్దావిడ గుసుల్ చేయించే మనిషి. క్లాంపులు విప్పి, అతుకు కింద ఇటుకలు పేర్చి, సందులో గోనెపట్టా మడిచి దోపాను. ఒక పక్క పట్టె గట్టిగా కూర్చుంది. రెండో పక్క కూర్చోలేదు. నేల పల్లంగా ఉంది, తడిస్తే జారుతుంది.

“నేను పట్టుకుంటానండి,” అన్నాను. “ఉండొచ్చా?”

పెద్దావిడ నా చేతుల వంక చూసింది. “కడుక్కుని రా. చున్నీ తల మీద వేసుకో. కళ్ళెత్తకు. అంతే.”

బల్ల కాళ్ళవైపు నేల మీద కూర్చుని, పట్టె కింద రెండు చేతులూ పెట్టాను. పైన ఏం జరుగుతోందో చూడలేదు. బరువు తెలిసింది. అంత కొంచెం బరువు ఉంటుందనుకోలేదు. అయినా అతుకు కిర్రుమన్నప్పుడల్లా మోచేతులు బిగుసుకుపోయాయి. చెంబుల చప్పుడు, పెద్దావిడ నోట్లో చదువుకునే మాటలు. నీళ్ళు తలవైపు నుంచి వచ్చి, బెజ్జాల్లోంచి దిగి, నా ముంజేతుల మీదుగా మోకాళ్ళ మీద పడ్డాయి. గోరువెచ్చగా ఉన్నాయి. ఆఖర్న కర్పూరం కలిపిన నీళ్ళు. బల్ల మీద నీళ్ళు ఎక్కడా నిలవలేదట. తర్వాత ఆ పెద్దావిడ చెప్పింది.

అరగంట పట్టుంటుంది. అతుకు నిలిచింది. నా చేతుల వల్లో, జిగురు వల్లో, ఇటుకల వల్లో తెలీదు.

మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చేదాకా నేనూ వీర్రాజు గారూ వ్యాన్ దగ్గరే ఉన్నాం. కరీముల్లా గారు వచ్చి, తడి బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, అతుకు మీద వేళ్ళు పెట్టి చూశారు.

“ఇది ఇంకా ఆరాలన్నారు కదమ్మా?”

“అవునండి. తడిసింది కూడా. మళ్ళీ విప్పి బిగించాలి. బండిలో వేసుకెళ్ళి...”

“ఇక్కడే బిగించుకోండమ్మా. ఎన్ని రోజులైనా ఆరనివ్వండి. ఇంక తొందరేం లేదు.”

బల్లని మసీదు వరండాకి చేర్చి, అక్కడ బిగించి వచ్చాం.

ఈ పని నేర్చుకునేవాళ్ళు నన్ను ఏ పాలిష్ వాడాలి, ఏ మెషీన్ కొనాలి అని అడుగుతుంటారు. చెప్తాను. కానీ నేను నేర్చుకున్నది అది కాదు. పాత వస్తువులో మనకి లోపంలా కనిపించేదాన్ని సరిచేసే ముందు, అది ఏ పని కోసం అలా ఉందో ఒక మనిషిని అడగాలి. ఫోన్లో దొరికే జవాబు మనం అడిగిన ప్రశ్నకే ఉంటుంది. నేను అడిగింది డేబెడ్ గురించి.

నా కోపం తగ్గలేదు. వీర్రాజు గారు ఏదైనా చూసి “ఎందుకో ఇలా చేశారండి” అంటే మాత్రం ఇప్పుడు రంపం ఆగుతుంది. గోడౌన్‌లో ఒక మూల రెండు వస్తువులు అలాగే ఉన్నాయి. ఒకటి మూడు కోళ్ళ ఎత్తు పీట, ఇంకోటి లోపల అరలున్న పొడవాటి పెట్టె. వాటిని ఎవరు దేనికి వాడారో చెప్పే మనిషి ఇంకా దొరకలేదు. దుమ్ము మాత్రం తుడుస్తున్నాం.