ఓడగొట్టినవాడి దగ్గర కప్పు

సిరొంచలో గొడుగు కొందామని హమీద్ చాచా దుకాణానికి వెళ్లాను. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, బేరమాడకపోతే నాకు అన్నం సయించదు. గొడుగు బేరం తెగకముందే అరలోని పాత ఇత్తడి కప్పు మీద కన్ను పడింది.

“ఇదెంత చాచా?”

“అమ్మేది గాదు బేటా. మా ఫుట్‌బాల్ క్లబ్బు మొదట గెలిచిన కప్పు. తర్వాతొక ఫైనల్ల నేను మా గోల్లనే బంతి కొట్టిన. ఓడగొట్టినోని కాడనే దీన్ని వెడ్తరు.”

“శిక్షా?”

“కాదు. గెలిచినోడు ఎట్లయినా వస్తడు. ఓడగొట్టినోడు సిగ్గుతోటి క్లబ్బే ఇడుస్తడు. ఇది తోముకుంట ఉంటే యాడికి వోతడు? మల్లొక ఫైనల్ల ఇంకోడు ఓడగొడితే గాయనకు ఇస్తం. ఎల్లుండి ఆష్టి ఊరోళ్లతోటి ఫైనల్ ఉంది.”

“ఓడితే ఇది మీకు వదులుతుందిగా!” అని లాభం చూపించాను.

చాచా కప్పును తువ్వాలతో తుడిచి అరలో పెట్టాడు.

“గెలవాలె బేటా. ఇది నా కాడనే ఉండనియ్.”