నేల అందని సైకిల్

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. ఆ తర్వాత చదివిందంతా హిందూపురం లైబ్రరీలోనే. చింతపండు మూటలు మండీకి వేసుకుపోయిన రోజున, వేలం మొదలయ్యేదాకా దొరికే రెండు గంటలూ అక్కడే కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ అంతే. నిఘంటువు పక్కన ఉంటే ఇంగ్లీషు పుస్తకమైనా నెమ్మదిగా లాగించగలను. బోరు మోటారు మొరాయించినా, పాస్‌పుస్తకంలో తప్పు పడినా ఊళ్ళోవాళ్ళు ముందు నన్నడుగుతారు. ఆ గౌరవం నాకు ఇష్టం. దాచుకోవడం దేనికి?

మా ఊరు పెనుకొండ కొండలకు అవతల. తారురోడ్డుకు మూడు కిలోమీటర్లు. దారి పొడుగునా రాళ్ళు, మధ్యలో ఒక వంక, ఎండిపోయిన వాగు. నా భార్య హిందూపురం దగ్గర ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ప్యాంట్లు కుడుతుంది. కంపెనీ బస్సు పొద్దున ఆరున్నరకు రోడ్డు మీద ఆగుతుంది. ఎవరి కోసమూ కాచుకోదు. పోయిన సంవత్సరం ఆమె రెండుసార్లు బస్సు తప్పింది. మూడోసారి తప్పితే మిషన్ మీద నుంచి లేపి, మళ్ళీ దారాలు కత్తిరించే పనికి వేస్తామని సూపర్‌వైజర్ చెప్పాడు. దారాల పని నుంచి మిషన్ దాకా రావడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఆ మాట విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

మాకు బండి లేదు. చిన్నప్పుడు ఆమె పుట్టింటి నుంచి గోరంట్లకు సైకిల్ మీదే బడికి పోయేదట. మామూలు సైకిల్ ఈ రాళ్ళకు ఆగదు, లావు టైర్ల మౌంటెన్ బైక్ అయితే నిలుస్తుందని నాకు తోచింది. లైబ్రరీలో వెతికితే సైకిళ్ళ మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఎవరికి ఏ కొలత ఫ్రేము సరిపోతుందో ఒక అధ్యాయమంతా ఉంది. ఫ్రేము కొలత అంటే సీటు కింద నిలువుగా ఉండే గొట్టం పొడవు, అంగుళాల్లో. చెప్పులు విప్పి మనిషి ఎత్తు కొలిచి పట్టికలో చూసుకోమన్నారు. ఇంకా కచ్చితంగా కావాలంటే కాలు కొలవాలట. గోడకు వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి తొడల మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు నుంచి నేల దాకా టేపు పట్టాలి.

ఆ వాక్యం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. కాలు తగిలితేనే పుస్తకాన్ని కళ్ళకద్దుకునేవాణ్ణి. రాసినాయనకు పుస్తకం తప్ప ఇంకేమీ దొరకలేదా? వాక్యాన్ని నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను కానీ, పక్కనే రాసుకున్నాను: అవసరం లేదు, ఎత్తు చాలు.

పుస్తకాన్ని అరువు తీసుకుని ఇంటికొచ్చి, ఆమెను ద్వారబంధానికి ఆనించి నిలబెట్టాను. నెత్తిమీద ఆ పుస్తకమే అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీశాను. ఐదడుగుల ఐదంగుళాలు. పట్టికలో చిన్న ఫ్రేము ముగిసి మధ్యరకం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. మా ఇళ్ళలో చొక్కా కొన్నా, కుండ కొన్నా కాస్త పెద్దదే కొంటాం. నేనూ పెద్దదే అనుకున్నాను.

ఆమెకు సెలవు లేని రోజున ఒక్కణ్ణే రైలెక్కి ధర్మవరం పోయాను. పట్టుచీరల అంగళ్ళు దాటాక పాత సైకిళ్ళ అంగడి ఉంది. నేను మధ్యరకం అడిగితే, అంగడాయన పద్దెనిమిది అంగుళాల ఫ్రేముది చూపించి అడిగాడు.

"ఎవురికప్పా?"

"మా ఇంట్లో ఆమెకు."

"ఆయమ్మ యాడ?"

"పనికి పోయింది. కొలతలు రాసుకొచ్చినా."

నోట్‌బుక్కు తీసి చూపించాను. ఆయన దాని వైపు చూడను కూడా చూడలేదు.

"కాయితమా తొక్కేది? మనిషిని పిల్చుకోని రాప్పా."

"ఇది ఇంగ్లీషు పుస్తకంలో ఉండాది," అన్నాను.

"అట్లయితే సరే. ఇంగ్లీషుకు కాళ్ళు పొడుగు," అని నవ్వి సైకిల్‌కు గాలి కొట్టాడు.

ఆదివారం ఆమె సైకిలెక్కింది. పక్కింటి అవ్వ అరుగు మీద నుంచి అరిచింది: "ఏమ్మే, నీ మొగుడు గుర్రాన్ని తెచ్చినట్లుండాడే!" సీటు పూర్తిగా దించాను. సీటు దిగుతుంది, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పై కడ్డీ దిగదు కదా. చదునులో బాగానే తొక్కింది. నేను వెనకే నడిచాను. వంకలోకి దిగేచోట రాయి అడ్డం వచ్చింది. బ్రేకు పట్టి కాళ్ళు కింద పెట్టబోయింది. నేల అందలేదు. కడ్డీ తగిలి, పక్కకు ఒరిగి, మోచెయ్యి రాళ్ళ మీద కొట్టుకుంది.

లేపబోతే నా చెయ్యి తోసేసింది. "నేను నడిచే పోతా. నీ బుక్కు నువ్వే తొక్కు."

ఆ వారమంతా నడిచే పోయింది. గురువారం బస్సు కదిలాక పరిగెత్తి అందుకుందని ఇంకెవరో చెప్పారు. ఆమె చెప్పలేదు. సైకిల్ గోడకు ఆనుకుని ఉంది. పోతూ వస్తూ దాన్ని చూసేవాణ్ణి. లెక్కలో తప్పెక్కడుందో మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. పట్టిక సరిగ్గానే ఉంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆమె నా నోట్‌బుక్కు తీసుకుని గడపలో కూర్చుని చదివింది. కాలు కొలిచే వాక్యం దగ్గర ఆగింది.

"ఇదేమయ్యా, అవసరం లేదని రాస్తివి?"

పుస్తకాన్ని అక్కడ పెట్టడం నాకు మనసొప్పలేదని చెప్పాను. ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది ఇన్‌సీమ్, కాలు లోపలి కుట్టు పొడవు. దినామూ ఎన్ని వందల ప్యాంట్లకు కుడతానో తెలుసా? మా లైనులో నేనూ ఇంకొకామె ఒకే ఎత్తు. ఆమె ప్యాంటు నాకేస్తే నేల ఊడుస్తాది. ఎత్తు చూసి కాళ్ళు చెప్తారా యాడన్నా?"

"నాకేం తెలుసు?"

"నన్నడిగితే తెలిసేది. లైబ్రరీకి పదిహేను మైళ్ళు పోతివి, నేను ఈడనే ఉంటిని."

గోడ దగ్గర నిలబడి చెయ్యి చాపింది. "బుక్కియ్యి."

నేను లైబ్రరీ పుస్తకాన్ని వెనక్కి లాక్కున్నాను.

"నెత్తిన పెట్టేటప్పుడు బాగుండెనా? సరే, లైబ్రరీది వద్దులే. ఈ నోట్‌బుక్కే చాలు. ఇది నువ్వు రాసిందే కదా, బుక్కెట్లయితాది?"

ఆ మాట కొంచెం గుచ్చుకుంది. అయినా ఇచ్చాను. చుడీదార్ మీదే నోట్‌బుక్కు నొక్కి పట్టుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని టేపు పట్టాను. ఇరవై ఏడున్నర అంగుళాలు. ఆ లెక్కకు పదహారు లోపల ఫ్రేమే సరి. కొండదారి సైకిల్‌కు పై కడ్డీ మీద కనీసం నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలని కూడా ఆ పేజీలోనే ఉంది. చదివాను, రాసుకున్నాను, మనిషి లేకుండా సైకిల్ కొన్నాను.

నోట్‌బుక్కు తిరిగి ఇస్తే అలవాటుగా కళ్ళకద్దుకున్నాను. ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. వారం తర్వాత అదే మొదటిసారి నవ్వడం.

మధ్యాహ్నం ఆ సైకిల్‌నూ వేసుకుని రైల్లో ఇద్దరం ధర్మవరం పోయాం. అంగడాయన ఆమెను చూసి, "ఇప్పుడొచ్చిందప్పా అసలు కాయితం," అన్నాడు. పదిహేనున్నర అంగుళాలది బయటికి లాగాడు. ఆమె కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడింది. అరికాళ్ళు రెండూ పూర్తిగా నేల మీద ఉన్నాయి. నాలుగు వేళ్ళు పెట్టి చూసి నావైపు తల ఊపింది. పెద్దది ఆయనకే తిరిగి ఇచ్చేశాం.

సోమవారం పొద్దున ఆమె ముందు పోయింది, నేను వెనక పరిగెత్తాను. వంకలో అదే రాయి. బ్రేకు పట్టింది, కాలు దించింది, నిలబడింది. సైకిల్‌ను కొంచెం పక్కకు తిప్పి మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది. నేను రొప్పుతూ తారురోడ్డు చేరేసరికి సైకిల్‌ను కానుగ చెట్టుకు ఆనించి తాళం వేస్తోంది.

"ఏం పరిగెత్తుతాండావు? ఇంకా రాలేదు," అంది.

అప్పుడు టైం ఆరుంబావు. ఆ రోజు బస్సు కోసం ఆమె కాచుకుంది.