డాక్టర్ జగదీశ్వర్ పైపూత పురాణం

నారాయణఖేడ్‌లో పళ్ల డాక్టర్ జగదీశ్వర్ చేతికి చిక్కినవాడు పన్ను ఊడకుండానైనా బయటపడతాడు గానీ, పైపూత పురాణం వినకుండా మాత్రం బయటపడలేడు. కట్టుడు పన్ను నిలవడానికి దవడలో బిగించే టైటానియం మర మీద ఎముకలోని సున్నం లాంటి పదార్థం పూస్తారట. అది గరుకుగా ఉంటే ఎముక దాన్ని పట్టుకుని వదలదట. ఒక పెళ్లి విందులో బూందీ లడ్డు చేత పట్టుకుని "గిట్ల గరుకుండాలె" అని మొదలుపెడితే, పక్క విస్తరి పెద్దమనిషి పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు. ఆయన బస్సెక్కితే కండక్టర్ టికెట్ కొట్టేసి వెనక సీట్లకు జరిగిపోతాడు.

గిన్నెలకు కళాయి పూసే సంగయ్యకు పురాణం భయం లేదు, ఉన్నదల్లా సిగ్గు. బిగుసుకుపోయిన గిన్నె మూతను పళ్లతో లాగబోయి ముందు పళ్లు రెండూ పోగొట్టుకున్నాడు. ఊళ్లో మాత్రం బండి మీంచి పడ్డానని చెప్పాడు. ఆనాటి నుంచి మూతికి తువ్వాలే. వీధి వీధినా కళాయి అని కేకేసి బతికే మనిషి, నోరు తెరిస్తే నవ్వుతారని కల్హేర్ సంతకు పోవడమే మానేశాడు. అన్నం పెట్టే కేక గొంతులోనే ఉండిపోయింది. చూసి చూసి భార్య లక్ష్మవ్వ ఆటో ఎక్కించి దవాఖానకు తెచ్చింది. ఆ పిచ్చి డాక్టర్ దగ్గరికా అని దారంతా గొణిగాడు.

కుర్చీలో కూర్చోబెట్టాక డాక్టర్ నోరు తెరవమననే లేదు.

"సంగయ్యా, మా పైపూత నీ కళాయి అసొంటిదే. గిన్నెను తోమకుండనే తగరం పూస్తవు గద?"

సంగయ్య తువ్వాలు వెనకనుంచి కాదని తలూపాడు.

"పొయ్యి గూడ అక్కెర లేదు. చల్ల గిన్నె మీద రుద్దుతే అయిపాయె."

తువ్వాలు జారి ఒళ్లో పడింది. "ఎవడు జెప్పిండు నీకు? చింతపండుతోని తోమాలె, పొయ్యి మీద కాల్చాలె, నవసాగరం చల్లాలె, గప్పుడు తగరం. చల్ల గిన్నెకు ఏడ అంటుతది?"

అట్లనా అంటూనే డాక్టర్ బుల్లి అద్దంతో నోరంతా చూసేశాడు. ఎక్స్‌రే కూడా తీసి, ఎముక బాగుందని, పళ్లు రెండూ కట్టొచ్చని చెప్పాడు. లక్ష్మవ్వ మందులు తేవడానికి వెళితే సంగయ్య మళ్లీ తువ్వాలు కప్పుకుని డాక్టర్ గది పరదా ఇవతల కూర్చున్నాడు.

తర్వాత లోపలికి వెళ్లింది రోజ. కంగ్టిలో బట్టలు కుట్టే పిల్ల, మూతికి చున్నీ అడ్డం పెట్టుకుని ఉంది. చీరకు ఫాల్ పైకి కనబడేటట్టు కుడతారు గదా, పూత కూడా అంతేనని డాక్టర్ మొదలుపెట్టాడు. ఫాల్ లోపలి దిక్కు కుట్టాలని రోజ గట్టిగా తగులుకుంది.

ఖేడ్‌లో పుట్టి పెరిగిన డాక్టర్‌కు ఆ మాత్రం తెలియదా? తన తువ్వాలు ఎందుకు జారిందో సంగయ్యకు అప్పుడు తట్టింది. పిచ్చివాడన్నందుకు తనను తానే తిట్టుకున్నాడు.

రోజ విసురుగా బయటికొచ్చింది. కోపంలో చున్నీ సంగతే మరిచింది. ముందు పన్ను ఒకటి లేదు.

"పెద్దయ్యా, గీ సార్‌కు ఏం తెల్వదు గద?"

పరదా వెనక డాక్టర్ చేతులు కడుక్కుంటున్నాడు. సంగయ్య తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఏం తెల్వదు బిడ్డా. గిన్నెల సంగతి గూడ తెల్వదు," అంటూ ఉన్న పళ్లూ లేని పళ్లూ కనబడేలా నవ్వాడు.