పిన్నిని దాచిన రోజు

వడ్డాది సంతలో కొత్త బెల్లం వాసన తగిలితే ఇప్పటికీ మా గానుగ పాకే గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు ఓ రోజు, మగాడికి ఇక ఒక్క పెళ్లామేనని చట్టం వచ్చిందని మేష్టారు నాన్నకు పేపరు చదివి వినిపించారు. అమ్మ ఉండగానే నాన్న చేసుకొచ్చిన పిన్నిని పోలీసులు పట్టుకెళ్తారని భయపడి, ఆమెను చెరుకు పిప్పి కుప్ప వెనక దాచాను.

వెతుక్కుంటూ వచ్చిన అమ్మ, పాకం కలిపి అలిసిన చేత్తో నా తల నిమిరింది. "ముందు జరిగిన పెళ్లిళ్లకి ఆ సట్టం తగల్దంట."

నేను గంతులేశాను. పిన్ని మాత్రం లేవలేదు.

"అదేదో కాస్త ముందొస్తే ఏటి పోయేదప్పా?" అంది అమ్మతో.

అమ్మ కోప్పడుతుందనుకున్నాను. తనూ వెళ్లి పిన్ని పక్కనే పిప్పి మీద కూలబడింది. ఆ చట్టం ఇద్దరికీ ఒకేలా ఆలస్యమైందని ఇప్పుడు తెలుస్తోంది.

నాన్న అన్నానికి కేకేశాడు. చాలాసేపటిదాకా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.