పులుపు లేని పథ్యం

ముద్ద నోట పెట్టగానే నా భార్యకు ఎడమ దవడ కింద ఉసిరికాయంత వాపు లేచేది. తినడం ఆపితే మెల్లగా తగ్గేది. లాలాజలం వచ్చే గొట్టంలో రాయి అడ్డుపడిందని విశాఖపట్నంలో డాక్టరు నాలుక కింద కోసి తీశాడు. నాకు చూపించాడు. చోడిగింజ కంటే పెద్దది, కందిగింజ కంటే చిన్నది.

"నిమ్మచెక్క చప్పరిస్తూ ఉండాలి. లాలాజలం ఊరుతుంటే గొట్టం తెరుచుకుని ఉంటుంది. మూసుకుపోతే మెడ దగ్గర కోసి గ్రంథినే తీసెయ్యాలి" అన్నాడు.

అరకు కొండల్లో మా ఊరు చేరాక వంట మా అత్త చేతిలోకి వెళ్లింది. కత్తి పడిన ఒంటికి మావాళ్లు పులుపు పెట్టరు, చీము పడుతుందంటారు. చింతపండు, నిమ్మకాయలు అన్నీ అటకెక్కాయి.

"అత్తా, డాక్టరే తినమన్నాడు."

"నీ డాట్రు దానికి పురుడు పోసినాడేటి? కోసినోడు ఆడు, కాసుకునేది నేను. నువ్వెళ్లి సంతలో కాటా సూసుకో, అల్లుడా."

నా భార్య నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. "ఊరుకో మావా. నా పురుళ్లన్నీ అమ్మే గట్టెక్కించింది" అంది.

బడి మొహం చూడకపోయినా, సంతలో కాఫీ గింజలు తూచి లెక్క చెప్పేది నేనే. కంటి అంచనా నమ్మను. రోజూ పొద్దున ఆమె చెవి నుంచి వాపు మీదుగా గడ్డం కొస దాకా దారం పెట్టి, కొలతకు ముడి వేసేవాణ్ణి. మొదట్లో కొలత తగ్గుతూ వచ్చింది. తర్వాత పెరిగి, పాత ముడి దాటింది. జ్వరం కూడా రావడంతో మళ్లీ బస్సెక్కాం, అత్తతో సహా.

"గాయం మచ్చకట్టి గొట్టం మూసుకుపోయింది. గ్రంథి తీసెయ్యాల్సిందే" అన్నాడు డాక్టరు. "నిమ్మ చప్పరించావా అమ్మా?"

అత్త మంచం పట్టె పట్టుకుని నిలబడింది. నా భార్య ఆమె వైపు చూడకుండా, "చప్పరించాను" అంది.

"అయితే ఎవరి తప్పూ లేదు. ఒక్కోసారి ఇలా అవుతుంది."

అత్త వరండాలోకి పోయి గోడ వారగా కూలబడింది. నేను వెళ్లేసరికి, "నా కోసం అబద్దమాడినాది నా గుంట. సప్పటి కూడు ఎట్టింది నేనే కదయ్యా" అంది.

మెడ గాయం మానింది. కింది పెదవి ఒక పక్క మాత్రం కదలడం లేదు. గ్రంథి తీసేటప్పుడు నలిగిన నరం కోలుకోవచ్చు అన్నారు, ఏడాది దాటినా కోలుకోలేదు. అంబలి తాగుతుంటే ఆ మూల నుంచి కారుతుంది, తనకు తెలియదు. ఎదురుగా కూర్చున్న అత్త, చెప్తున్న మాట ఆపకుండానే, కొంగుతో తుడిచేస్తుంది.